రిపోర్టులో ‘స్మాల్ సెల్’ అని వస్తే ఏం చేయాలి

మా పెదనాన్న ఊపిరితిత్తుల బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు వచ్చిన రోజు ఇంట్లో అందరం ఒకే మాట పట్టుకుని ఊరటపడ్డాం. ‘స్మాల్ అని రాశారుగా, చిన్నదేలే’ అని. ఆ పేరు అందరినీ అలాగే మోసం చేస్తుంది. గడ్డ చిన్నదనీ, మొదటి దశలో ఉందనీ దాని అర్థం కాదు. మైక్రోస్కోపులో చూస్తే కణాలు చిన్నగా కనిపిస్తాయి, అందుకని ఆ పేరు పెట్టారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన ప్రతి వంద మందిలో 13 నుంచి 15 మందికి ఈ రకం ఉంటుంది. మిగతా రకాలకంటే వేగంగా పెరుగుతుంది, తొందరగా పాకుతుంది. వచ్చినవాళ్లలో దాదాపు అందరూ ఎప్పుడో ఒకప్పుడు సిగరెట్టో బీడీయో చుట్టో కాల్చినవాళ్లే. మా పెదనాన్నది ప్రకాశం జిల్లాలో పొగాకు సేద్యం, నలభై ఏళ్ల చుట్ట అలవాటు.

పద్నాలుగు నెలలు ఆయన ఫైలు మోసింది నేను. నేను డాక్టర్ని కాదు. మందు, మోతాదు డాక్టర్ చెప్పినట్టే. కాకపోతే ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్న వరస మాకు మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే రెండు నెలలు కలిసొచ్చేవి. ఈ జబ్బులో రెండు నెలలంటే చాలా ఎక్కువ. ఆ వరస ఇక్కడ రాస్తున్నాను.

ఇంకా బయాప్సీ కాలేదా? అయితే టీబీ మందుల దగ్గర ఆగిపోకండి

మన దగ్గర రెండు వారాలు దగ్గు, ఎక్స్‌రేలో మచ్చ అంటే ముందు టీబీ గుర్తుకొస్తుంది. అందులో తప్పులేదు, చూడాల్సిందే. కళ్లె పరీక్ష, కళ్లెలోనే టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ చేయిస్తే రెండు మూడు రోజుల్లో తేలిపోతుంది. మాకు మాత్రం దగ్గర్లోని టౌన్‌లో ఒక డాక్టరు కళ్లె పరీక్ష లేకుండానే టీబీ మందులు మొదలుపెట్టారు. ఆరు వారాలు వాడాం. తగ్గకపోగా గొంతు బొంగురుపోయింది.

పొగ అలవాటున్న పెద్దవయసు మనిషికి దగ్గు తగ్గకపోయినా, కళ్లెలో రక్తపు చార కనిపించినా, గొంతు మారినా, పంచె నడుముకి నిలవనంతగా బరువు తగ్గినా, కళ్లె పరీక్షలో టీబీ లేదని వస్తే ఆ వారంలోనే ఛాతీకి కాంట్రాస్ట్ (నరానికి మందు ఎక్కించి తీసే) సీటీ స్కాన్ చేయించమని అడగండి. గడ్డ ఎక్కువగా ఛాతీ నడిమధ్యన, పెద్ద శ్వాసనాళాల పక్కన ఉంటుంది కాబట్టి బ్రాంకోస్కోపీతోనో, శ్వాసనాళంలోంచి అల్ట్రాసౌండ్‌తో చూస్తూ సూది గుచ్చే ఈబస్ అనే పద్ధతితోనో ముక్క తీస్తారు. మెడ పక్కన గడ్డ తగులుతుంటే అక్కడే సూది గుచ్చి తీయొచ్చు. అది తేలిక కూడా.

రిపోర్టులో ఏం చూడాలి

పేజీలు తిప్పకుండా నేరుగా ‘ఇంప్రెషన్’ లేదా ‘డయాగ్నోసిస్’ అన్న వరసకు వెళ్లండి. ‘స్మాల్ సెల్ కార్సినోమా’ అని ఉందా, ‘నాన్ స్మాల్ సెల్’ అని ఉందా? ఆ ఒక్క ‘నాన్’ ఉంటే అది వేరే జబ్బు, వేరే వైద్యం. మా వీధిలో ఒకాయన ‘మా వియ్యంకుడు రోజూ ఒక మాత్ర వేసుకుని మూడేళ్ల నుంచి తిరుగుతున్నాడు, మీరూ ఆ మాత్ర అడగండి’ అని వెంటపడ్డారు. ఆ మాత్రలు నాన్ స్మాల్ సెల్‌లో కొన్ని జన్యుమార్పులు ఉన్నవాళ్లకు. స్మాల్ సెల్‌లో దెబ్బతినేవి కణాన్ని అదుపులో పెట్టే టీపీ 53, ఆర్‌బీ 1 అనే రెండు జన్యువులు. వాటికి సరిపడే మాత్ర ఇంకా లేదు. అందుకే ఖరీదైన జన్యు పరీక్ష రాస్తే ‘దీని ఫలితంతో వైద్యం ఏం మారుతుంది సార్?’ అని మర్యాదగానే అడగండి. ఎన్నడూ పొగ తాగనివాళ్లకూ, ముక్కలో రెండు రకాల కణాలు కలిసి కనిపించినవాళ్లకూ ఆ పరీక్ష చేయించడంలో అర్థం ఉంది.

కింద సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్, సీడీ 56, టీటీఎఫ్ 1 అని కొన్ని పేర్లు, పక్కన పాజిటివ్ అని ఉంటాయి. అవి కణం ఏ జాతిదో నిర్ధారించడానికి వేసిన రంగు పరీక్షలు. అన్నీ పాజిటివ్ వచ్చాయని భయపడేదేమీ లేదు. ఆ తర్వాత ‘కేఐ 67’ అని ఒక శాతం ఉంటుంది. మాది 90 శాతం. గూగుల్ చేసి ఆ రాత్రి నిద్రపోలేదు. ఈ జబ్బులో అది మామూలుగా అంతే ఉంటుందని మర్నాడు డాక్టరమ్మ చెప్పారు. కణాలు ఎంత జోరుగా విభజన చెందుతుంటే కీమో వాటికి మొదట్లో అంత గట్టిగా తగులుతుందట. అది నిజమేనని తర్వాత కళ్లారా చూశాం.

ల్యాబ్ నుంచి కాగితం ఒక్కటే తెచ్చుకోకండి. స్లైడ్లు, పారాఫిన్ బ్లాకులు కూడా సంతకం పెట్టి తీసుకోండి. క్యాన్సర్ ఆసుపత్రిలో వాళ్లు మళ్లీ చూస్తామంటారు, బ్లాకులు లేకపోతే బయాప్సీ మొదటికొస్తుంది. అవి మైనం ముక్కల్లాంటివి, ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి.

మనిషి తికమకపడుతుంటే నీళ్లు పట్టించకండి

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మేం తప్పు చేసింది ఇక్కడే.

ఒక ఆదివారం పొద్దున పెదనాన్న రెండు చెప్పులూ ఒకే కాలికి తొడుక్కోవాలని చూస్తున్నారు. ఏంటని అడిగితే నవ్వారు. మధ్యాహ్నానికి నన్ను మా నాన్న పేరుతో పిలిచారు. పెద్దమ్మ నీరసమనుకుని గంటకో గ్లాసు కొబ్బరినీళ్లు, గ్లూకోజు నీళ్లు తాగించింది. సాయంత్రానికి మంచం దిగలేకపోయారు. ఆసుపత్రిలో రక్తం తీస్తే సోడియం 114. మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉండాలి.

స్మాల్ సెల్ కణాలకు హార్మోన్లు తయారుచేసే గుణం ఉంది. అందులో ఒక హార్మోను మూత్రపిండాలకు ‘నీళ్లు బయటికి పోనివ్వకు’ అని చెబుతుంది. ఒంట్లో నీళ్లు పేరుకుని రక్తంలో ఉప్పు పలచబడిపోతుంది. అలాంటి మనిషికి మనం ఇంకా నీళ్లు పోస్తే చారులో నీళ్లు కలిపినట్టే. మతిమరుపు, తికమక, వాంతులు, ఆఖరికి ఫిట్స్ కూడా వస్తాయి. కాబట్టి ఈ జబ్బున్న మనిషి తేడాగా మాట్లాడితే వయసు మీదకు నెట్టకుండా అదే రోజు సీరం ఎలక్ట్రోలైట్స్ (రక్తంలో సోడియం, పొటాషియం చూసే పరీక్ష) చేయించండి. ఇంట్లో ఉప్పు తినిపించి సరిచేద్దామని చూడకండి. సోడియం మరీ వేగంగా పెంచినా మెదడుకు ప్రమాదం, ఆసుపత్రిలో లెక్క ప్రకారం పెంచుతారు. రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టర్‌తో కాగితం మీద రాయించుకుని వంటింట్లో అతికించండి. మేం ఆ లెక్క కోసం ఒక స్టీలు చెంబు విడిగా పెట్టాం. కాఫీ, మజ్జిగ, చారు అన్నీ ఆ చెంబు లెక్కలోనే.

ఇలాగే క్యాన్సర్‌లా కనిపించనివి ఇంకా ఉన్నాయి. కుర్చీలోంచి లేవడానికి తొడల్లో బలం చాలకపోవడం, ఉన్నట్టుండి షుగర్, బీపీ పెరిగి పొటాషియం పడిపోవడం. ఇవి డాక్టర్‌కు చెప్పాల్సినవి. ఇక తెల్లారేదాకా ఆగకూడనివి: ముఖం, మెడ ఉబ్బి ఛాతీ మీద నరాలు తేలడం, తలనొప్పితో వాంతులు, ఫిట్స్, ఒకవైపు చెయ్యీ కాలూ పట్టు తప్పడం, నడుము నొప్పితో పాటు కాళ్లు మొద్దుబారడం, మూత్రం ఆగిపోవడం. వీటికి నేరుగా క్యాజువాలిటీకే.

దశ: రెండు మాటలు చాలు

మిగతా క్యాన్సర్లలో ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటారు. ఇక్కడ ఆ లెక్క రాసుకున్నా, వైద్యం నిర్ణయించేది రెండు మాటలే. లిమిటెడ్, ఎక్స్‌టెన్సివ్. ఛాతీలో ఒక పక్కనే ఉండి, రేడియేషన్ ఒక చట్రంలో పట్టగలిగితే లిమిటెడ్. అవతలి ఊపిరితిత్తికో, కాలేయానికో, మెదడుకో, ఎముకలకో, అడ్రినల్ గ్రంథులకో చేరితే ఎక్స్‌టెన్సివ్. బయటపడేసరికే మూడొంతుల్లో రెండొంతుల మంది ఎక్స్‌టెన్సివ్‌లో ఉంటారు.

దీనికి ఛాతీ, పొట్ట కలిపి కాంట్రాస్ట్ సీటీ, మెదడుకు ఎమ్మారై కావాలి. తలనొప్పేమీ లేదు కదా, ఎమ్మారై ఎందుకు అనకండి. లక్షణాలు లేకుండానే మెదడులో మచ్చలుండే జబ్బు ఇది. లిమిటెడ్ అనిపిస్తే పెట్ సీటీ కూడా చేస్తారు. కాంట్రాస్ట్‌కు ముందు మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు అడుగుతారు, ముందే చేయించి జేబులో పెట్టుకుంటే ఒక రోజు మిగులుతుంది. అన్నీ వారంలో అయిపోవాలి. పెట్ సీటీకి పన్నెండు రోజుల తర్వాత తేదీ ఇస్తే తల ఊపి వచ్చేయకండి. ‘అప్పటిదాకా ఆగొచ్చా, ఈలోపు కీమో మొదలుపెట్టొచ్చా?’ అని మీ ఆంకాలజిస్టును, అంటే క్యాన్సర్ డాక్టర్‌ను, అడగండి.

ఆపరేషన్ చేసి తీసేయొచ్చు కదా అని చుట్టాలు తప్పకుండా అడుగుతారు. చిన్న గడ్డగా, గ్రంథులకు పాకకముందే దొరికిన కొద్దిమందికే అది. మిగతావాళ్లకు కోత వల్ల ఆలస్యం తప్ప లాభం లేదు.

ఎక్కడ, ఎంతకు

లిమిటెడ్ అయితే కీమో, రేడియేషన్ రెండూ ఒకే కప్పు కింద ఉన్న చోటు చూసుకోండి, ఎందుకంటే రెండూ కలిపి ఇస్తారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్, బసవతారకం, విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి, తిరుపతిలో స్విమ్స్ చాలామంది వెళ్లేవి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద చూస్తారు. ఆసుపత్రి గేటు దగ్గర ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో ముందే అడగండి: ఏ మందులు ప్యాకేజీలో వస్తాయి, స్కాన్లు వస్తాయా, ప్రీఆథ్‌కి, అంటే ముందస్తు అనుమతికి, ఎన్ని రోజులు? బయాప్సీ ఒరిజినల్, ఆధార్, రేషన్ కార్డు, పాస్‌పోర్టు ఫొటోలు, ఒక్కోదానికి అయిదు జిరాక్సులు. అయిదు చాలవు, పది పెట్టుకోండి.

మూల వైద్యం పాతది, జెనెరిక్ మందులతో అయిపోయేది. సిస్‌ప్లాటిన్ లేదా కార్బోప్లాటిన్ ఒక రోజు, ఎటోపోసైడ్ వరసగా మూడు రోజులు. ఇరవై ఒక్క రోజులకోసారి, మామూలుగా నాలుగు సార్లు. ఎటోపోసైడ్ పుట్టింది పోడోఫిల్లమ్ అనే మొక్కలో దొరికే పదార్థం నుంచి. ఆ జాతి మొక్క మన హిమాలయాల్లోనూ పెరుగుతుంది. మా పెద్దమ్మకి ఆ సంగతి చెబితే ‘అయితే నాటుమందేగా’ అని ధైర్యపడింది. సిస్‌ప్లాటిన్‌కు ముందూ వెనకా బాగా సెలైన్ ఎక్కించాలి. సోడియం పడిపోయినవాళ్లకు, మూత్రపిండాలు అంతంతమాత్రంగా ఉన్నవాళ్లకు అది ఇబ్బంది కాబట్టి వీళ్లకు తరచూ కార్బోప్లాటిన్ ఎంచుకుంటారు.

లిమిటెడ్‌లో మొదటి లేదా రెండో కీమోతోనే ఛాతీకి రేడియేషన్ మొదలవుతుంది. రోజుకు రెండుసార్ల చొప్పున మూడు వారాల్లో 30 సిట్టింగులు ఒక పద్ధతి, రోజుకోసారి ఆరేడు వారాలు ఇంకో పద్ధతి. మొదటిదైతే రెండు సిట్టింగుల మధ్య కనీసం ఆరు గంటలు ఉండాలి కాబట్టి ఊరి నుంచి రోజూ బస్సులో రావడం కుదరదు, ఆసుపత్రి పక్కనే గది చూసుకోవాల్సిందే. అది అయ్యాక డుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ (మన రక్షణ కణాలను క్యాన్సర్ మీదకు పంపే మందు) రెండేళ్ల దాకా ఇస్తే, సగం మంది బతికి ఉండే కాలం 33.4 నెలల నుంచి 55.9 నెలలకు పెరిగిందని 2024లో ఒక పెద్ద ట్రయల్‌లో తేలింది. ఈ జబ్బులో అంత తేడా రావడం పెద్ద విషయం.

ఎక్స్‌టెన్సివ్‌లో లెక్క వేరు. అటెజోలిజుమాబ్ గానీ డుర్వాలుమాబ్ గానీ కీమోతో కలిపి ఇస్తారు. 2018లో వచ్చిన అటెజోలిజుమాబ్ ట్రయల్‌లో సగం మంది బతికి ఉండే కాలం 10.3 నుంచి 12.3 నెలలైంది. రెండు నెలలేనా అనిపిస్తుంది. కానీ డుర్వాలుమాబ్ ట్రయల్‌లో మూడేళ్లకు బతికున్నవాళ్లు కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లలో 5.8 శాతమైతే, అది కలిపినవాళ్లలో 17.6 శాతం. అంటే ఎక్కువమందికి కొద్ది లాభం, కొద్దిమందికి చాలా లాభం. ఆ కొద్దిమంది ఎవరో ముందే చెప్పే పరీక్ష లేదు. పొలం అమ్మి ఇప్పించాలా అని ఎవరైనా నన్ను అడిగితే వద్దనే అంటాను. పథకంలోనో, ఇన్సూరెన్సులోనో, మందు కంపెనీ సహాయ పథకంలోనో వస్తే వదులుకోవద్దు. కీమో మాత్రం ఈ డబ్బు కోసం ఒక్క వారం కూడా ఆపకండి. ఇమ్యునోథెరపీ తర్వాతి కీమో నుంచి కలపొచ్చా అని డాక్టర్‌ను అడగొచ్చు.

కీమో క్యాలెండరు

గోడ క్యాలెండరు మీద కీమో మొదటి రోజును ఎర్ర పెన్నుతో చుట్టండి. అక్కడి నుంచి ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు ఇంకో గీత గీయండి. ఆ వారంలో తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. థర్మామీటరు దిండు పక్కనే ఉండాలి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే అర్ధరాత్రయినా బయల్దేరండి. పారాసెటమాల్ వేసి పొద్దున్నదాకా చూద్దాం అనుకుంటే జ్వరం దాక్కుంటుంది, ఇన్ఫెక్షన్ దాక్కోదు. క్యాజువాలిటీలో చెప్పాల్సిన మొదటి వాక్యం ఇది: ‘కీమో ఇచ్చి తొమ్మిది రోజులైంది, జ్వరం 101 ఉంది.’ అలా చెబితే వరసలో కూర్చోబెట్టరు. ఆ వాక్యం రాసి ఫైలు అట్ట మీద అంటించాం. నేను ఊళ్లో లేని రాత్రి మా తమ్ముడు అదే చదివి చెప్పాడు.

వాంతులకు ఇచ్చిన మాత్రలు వాంతి వచ్చాక వేసుకునేవి కావు, చెప్పిన టైముకి ముందే వేసేయాలి. జుట్టు రెండు మూడు వారాల్లో రాలుతుంది, ముందే పొట్టిగా కత్తిరిస్తే దిండు నిండా చూసుకునే బాధ తప్పుతుంది. ఇంట్లో వండినది వేడిగా పెట్టండి. పసరు, కషాయం, వాట్సాప్‌లో వచ్చిన గోమూత్రం వీడియో ఏదైనా సరే, ఇవ్వాలనుకుంటే ముందు ఆంకాలజిస్టుకు చెప్పండి.

రెండో కీమో అయ్యేసరికి పెదనాన్న దగ్గు పోయింది. స్కాన్‌లో గడ్డ సగానికి పైగా కరిగింది. బావగారు మొక్కు తీర్చుకోవడానికి కొండకు టికెట్లు కూడా తీసేశారు, ఇక మిగతా కీమోలు ఎందుకన్నారు. ఈ జబ్బు సరిగ్గా ఇక్కడే మాయ చేస్తుంది. మొదట మంచులా కరుగుతుంది, ఆపితే అంతే వేగంగా తిరిగొస్తుంది, పూర్తిగా వాడినా చాలామందికి తిరిగొస్తుంది. కొండకు నాలుగో కీమో తర్వాత వెళ్లాం.

బాగా తగ్గినవాళ్లకు, ముఖ్యంగా లిమిటెడ్‌లో, మచ్చలు లేకపోయినా మెదడుకు ముందుజాగ్రత్తగా పది సిట్టింగుల రేడియేషన్ ఇస్తామంటారు. జ్ఞాపకశక్తి కొంత దెబ్బతినొచ్చు. దాని బదులు మూడు నెలలకోసారి ఎమ్మారై చేస్తూ కనిపెట్టుకుని ఉండడం ఇంకో దారి. రెండింట్లో ఏదో మీ ఇంటి పరిస్థితిని బట్టి. మూడు నెలలకోసారి సిటీకి రాలేని ఊరు మీదైతే రెండో దారి పేరుకే మిగులుతుంది, ఆ మాట డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.

పొగ ఈ రోజే ఆపించండి. ఇప్పుడు మానేసి ఏం లాభం అనకండి, మానినవాళ్లకు వైద్యం మెరుగ్గా పనిచేస్తుంది. 1800-11-2356 ప్రభుత్వ ఉచిత నంబరు, మాన్పించడానికి ఫోన్లో సాయం చేస్తారు. పక్కన కూర్చుని కాల్చే కొడుకులకూ అదే నంబరు.

చెప్పాలా వద్దా

మేం చెప్పలేదు. ‘ఊపిరితిత్తుల్లో నిమ్ము’ అన్నాం. మూడో కీమో రోజు వెయిటింగ్ హాల్లో పెదనాన్న నా వైపు తిరిగి, ‘గేటు మీద అంత పెద్ద బోర్డు నేను చదవలేననుకున్నావురా?’ అన్నారు. రెండు నెలలు ఆయన మాకోసం తెలియనట్టు నటించారు. మీరు డాక్టర్ ఎదుటే, ఆయన ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో ఆయన్నే అడగండి. బ్యాంకు సంతకాలు, పొలం కాగితాలు కూడా మనిషి తేటగా ఉన్నప్పుడే.

తిరిగొస్తే

మొదటి విడత కీమోలన్నీ అయ్యాక ఎన్ని నెలలకు తిరిగొచ్చిందన్నది ముఖ్యం. ఆరు నెలలు దాటితే పాత మందులే మళ్లీ పనిచేసే అవకాశం ఉంది. మూడు నెలల్లోపే అయితే అవకాశం తక్కువ. అప్పుడు వాడే మందుల్లో టోపోటెకాన్ పాతది. లుర్బినెక్టెడిన్‌కు 2020లో, టార్లటామాబ్‌కు 2024 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది. టార్లటామాబ్ క్యాన్సర్ కణం మీదున్న డీఎల్ఎల్ 3 అనే గుర్తును ఒక చేత్తో, మన రక్షణ కణాన్ని ఇంకో చేత్తో పట్టుకుని రెండింటినీ కలుపుతుంది. మొదటి డోసులప్పుడు ఆసుపత్రిలోనే కనిపెట్టుకుని ఉండాలి. మీకు ఎక్కడ, ఎంతకు దొరుకుతుందో మీ ఆంకాలజిస్టే చెప్పాలి.

నొప్పి, ఆయాసం లాంటి బాధలు తగ్గించే పాలియేటివ్ కేర్ డాక్టర్‌ను మాత్రం ఆఖరికి వదలకండి. కీమో నడుస్తున్నప్పుడే కలవండి. ఎంఎన్‌జేలో అందుకు ప్రత్యేక విభాగం ఉంది. మార్ఫిన్ అనగానే మా ఇంట్లో అందరూ ఇక అయిపోయినట్టేనన్నారు. చిన్న మోతాదులో అది నొప్పికే కాదు, ఆయాసానికీ పనిచేస్తుంది. దానితో పాటు విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే రాయించుకోండి, లేకపోతే మార్ఫిన్ తగ్గించిన బాధ కంటే మలబద్ధకం పెట్టే బాధ ఎక్కువవుతుంది.

ఆయాసానికి ఇంకొకటి ఉంది, ఖర్చు లేనిది. టేబుల్ ఫ్యాన్ స్టూలు మీద పెట్టి గాలి నేరుగా ముఖానికి, ముక్కు చుట్టూ తగిలేలా తిప్పండి. మనిషిని పడుకోబెట్టకుండా, ముందు బల్ల మీద దిండు వేసి దాని మీదకు వాలి కూర్చోనివ్వండి. ఆఖరి వేసవి పెదనాన్న వరండాలో అలాగే కూర్చునేవారు. కరెంటు పోయినప్పుడు పెద్దమ్మ విసనకర్ర పట్టుకుని ఆయన ఎదురుగా కూర్చునేది, ‘కొంచెం ఇటు’ అని ఆయన వేలితో చూపించేవారు.